లూసియా రోజుకి కుంకుమపువ్వు బన్నులు, గ్లోగ్: గుడ్డూ మందూ లేకుండా అసలు రుచి వస్తుందా?

లిన్‌షోపింగ్ అమ్మాయి:

అందరికీ నమస్కారం. డిసెంబర్ మొదటి వారంలో అమ్మానాన్న తెనాలి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళు స్వీడన్ రావడం ఇదే మొదటిసారి. డిసెంబర్ 13న, ఇక్కడివాళ్ళ దీపాల పండగ అయిన లూసియా రోజు సాయంత్రం, మా బిల్డింగ్‌లోని నాలుగైదు కుటుంబాల్ని ఫీకాకి (కాఫీ, తినుబండారాలతో కబుర్లకి) పిలుద్దామనుకుంటున్నాం.

కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. ఎనభై దాటాయి. మేం ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి ప్రతి డిసెంబర్‌లోనూ కాగితం సంచిలో లుస్సెబుల్లార్, అంటే కుంకుమపువ్వు బన్నులు, పెట్టి మా తలుపు హ్యాండిల్‌కి తగిలించి వెళ్ళేవారు. తలుపు తీసేసరికి మెట్లన్నీ కుంకుమపువ్వు వాసన. పోయినేడు నుంచి ఆవిడకి కీళ్ళనొప్పులు ఎక్కువై, పిండి పిసకడం నావల్ల కాదని మానేశారు. ఈసారి ఆ సంచి మా ఇంటి నుంచి ఆవిడకి వెళ్ళాలని నా కోరిక. అందుకే ఏదో ఒకటి చేసేశాం అన్నట్టు కాకుండా, ఆవిడ కొరికి చూసి "ఇదీ లుస్సెబుల్లె అంటే" అనేలా చేయాలి.

నా సందేహాలు ఇవి. అమ్మానాన్న గుడ్డు ముట్టరు. బేకరీలో అడిగితే బన్ను పైన గుడ్డు పూస్తామన్నారు. గుడ్డు తీసేస్తే ఇంకా అది అసలు లుస్సెబుల్లె అవుతుందా? రెండోది, బయట కొన్నవి సాయంత్రానికే ఎండిపోయి గొంతుకి అడ్డం పడుతున్నాయి. పెద్దావిడ చేసినవి మూడో రోజు కూడా మెత్తగా ఉండేవి. ఆ కిటుకు ఏమిటి? ఆవిడనే అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది.

మూడోది కుంకుమపువ్వు. అమ్మ కాశ్మీర్ కుంకుమపువ్వు తెస్తానంటోంది. "పాయసంలో నాలుగు రేకులు వేస్తే చాలదూ, ఇక్కడ గ్రాములకి గ్రాములు పోస్తారా?" అని ఫోన్‌లో ఆశ్చర్యపోతోంది. నిజంగా అంత వేయాలా?

చివరగా గ్లోగ్, అంటే మసాలాలు వేసి వేడిగా తాగే వైన్. వచ్చేవాళ్ళు అది లేకపోతే లోటు అనుకుంటారు. నాన్నగారు మందు ఉన్న గ్లాసు పక్కన కూడా కూర్చోరు. ఒకే బల్ల మీద ఇద్దరికీ ఎలా సర్దాలి? సలహా చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

---

ఉప్సలా వాసి:

గుడ్డు గురించి మాత్రం చెప్తాను, మిగతావి తెలిసినవాళ్ళు చెప్తారు. పైపూతకి పాలూ మీగడా కలిపి పూయండి. గుడ్డంత మెరుపు రాదు గానీ మంచి రంగు వస్తుంది. మా ఇంట్లో ఎప్పుడూ అంతే.

షాపు నుంచి తెచ్చే క్రిస్మస్ మిఠాయిల విషయంలో ఒక జాగ్రత్త. స్కుమ్‌టొమ్టే అని ఎరుపూ తెలుపూ క్రిస్మస్ తాత ఆకారంలో మెత్తటి బిళ్ళలు వస్తాయి, పిల్లలు ఎగబడతారు. వాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. అమ్మానాన్న ప్లేట్‌లో పెట్టకండి.

---

ఓరెబ్రో అక్క:

అమ్మాయ్, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. నువ్వు గుడ్డు "తీసేయడం" అనుకుంటున్నావు కదా, అక్కడే నాకు అభ్యంతరం. లుస్సెబుల్లార్ పిండిలో చాలా ఇళ్ళలో గుడ్డు వేయరు. పాలు, వెన్న, ఈస్ట్, చక్కెర, కుంకుమపువ్వు, మైదా, చిటికెడు ఉప్పు, అంతే. కొందరు పిండిలో ఒక గుడ్డు కొడతారు, అది వాళ్ళ ఇంటి అలవాటు. గుడ్డు మామూలుగా కనిపించేది పైపూతలోనే. కాబట్టి మీ అమ్మానాన్నకి పెట్టేది రాజీపడి చేసిన వంట కాదు, అచ్చంగా ఆ వంటే. ఎవరైనా అడిగితే సంజాయిషీ చెప్పుకున్నట్టు చెప్పకు.

ఇక మెత్తదనం. బన్ను ఎండిపోవడానికి రెండే కారణాలు: మైదా ఎక్కువ కావడం, ఓవెన్‌లో ఎక్కువసేపు ఉండడం. ఇక్కడి వంటల్లో మైదాని డెసిలీటర్లలో (ఒకటి అంటే వంద మిల్లీలీటర్లు) రాస్తారు. డబ్బాలో డెసిలీటర్ కొలత ముంచి తీస్తే ఒక్కో చేతికి ఒక్కోలా వస్తుంది, నొక్కి తీస్తే ఇంకా ఎక్కువ. ఒక డెసిలీటర్ మైదా అంటే 60 గ్రాములని లెక్క. తూకం వేసుకుని చెయ్యి, సగం కష్టం అక్కడే తీరిపోతుంది.

నేను చేసే కొలత చెప్తాను. పాలు 5 డెసిలీటర్లు, వెన్న 150 గ్రాములు, క్వార్గ్ 250 గ్రాముల డబ్బా ఒకటి, చక్కెర 2 డెసిలీటర్లు, ఉప్పు అర టీస్పూన్, తాజా ఈస్ట్ 50 గ్రాముల ముక్క ఒకటి, కుంకుమపువ్వు 1 గ్రాము. మైదా 900 గ్రాములతో మొదలుపెట్టు, ఇంకో వంద గ్రాములు పక్కన ఉంచుకో. ఆ వందా మొత్తం పట్టకపోవచ్చు. దీనికి ముప్పై పైచిలుకు బన్నులు వస్తాయి.

క్వార్గే నువ్వడిగిన కిటుకు. పెద్దావిడ కూడా అదో, అలాంటిదేదో వేసే ఉంటారు. మన పెరుగు వడకట్టి గట్టిగా చేసుకున్నట్టు ఉంటుంది, తేమని పట్టి ఉంచుతుంది. డబ్బా వెనక పదార్థాల్లో "లోపె" అని ఉందేమో చూడు. పాలు విరగడానికి వేసేది అది. జంతువుల నుంచి తీసినదీ ఉంటుంది, సూక్ష్మజీవులతో చేసినదీ ఉంటుంది. రెండోదని రాసి ఉన్న డబ్బా తీసుకుంటే మీ నాన్నగారికి ఇబ్బంది ఉండదు. అనుమానంగా ఉంటే చిక్కటి పెరుగుని గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీసి వాడు.

ఈస్ట్ కొనేటప్పుడు చూసి కొను. తీపి పిండి కోసమని విడిగా అమ్ముతారు. చక్కెర ఎక్కువైతే అది నీటిని లాగేసుకుని మామూలు ఈస్ట్‌ని మందగింపజేస్తుంది. ఆ రెండో రకం అలాంటి పిండికి తట్టుకునేలా తయారుచేసింది. పాలు 37 డిగ్రీలు, అంటే వేలు పెడితే వేడీ చల్లనా రెండూ తెలియకూడదు. చేయి కాలేంత వేడైతే ఈస్ట్ చచ్చిపోతుంది.

కుంకుమపువ్వు దగ్గర మీ అమ్మగారి మాట వినకు, ఈ ఒక్క విషయంలో. పాయసం ఒక గిన్నెడు, ఇది కిలో మైదా. నాలుగు రేకులు వేస్తే రంగూ రాదు, వాసనా రాదు. ఇక్కడ అర గ్రాము ప్యాకెట్లలో అమ్ముతారు. ఖరీదైన సరుకు కాబట్టి చాలా షాపుల్లో అరల్లో ఉండదు, క్యాష్ కౌంటర్ దగ్గర అడిగి తీసుకోవాలి. పై కొలతకి రెండు ప్యాకెట్లు. అంతకి మించి వేస్తే చేదెక్కుతుంది, ఎక్కువ వేస్తే ఎక్కువ రుచి అనుకోవద్దు.

అమ్మగారు తెచ్చేది రేకులుగా ఉంటుంది, ఇక్కడి ప్యాకెట్లలో ఎక్కువగా పొడి వస్తుంది. రేకులైతే చిన్న కల్వంలో ఒక చక్కెర బిళ్ళ వేసి కలిపి నూరు. చక్కెర పలుకులు గరుగ్గా ఉండి రేకుని చీల్చేస్తాయి, ఉత్తగా నూరితే రోకలికి అంటుకుపోవడమే తప్ప నలగదు. ముందు ఎరుపుగా ఉంటుంది, నూరేకొద్దీ ఇటుక పొడి రంగులోకి వస్తుంది. అప్పుడు రెండు చెంచాల గోరువెచ్చటి పాలు పోసి మూత పెట్టి వదిలెయ్. అరగంట చాలు, ముందు రోజు రాత్రి నానబెడితే ఇంకా మంచిది. ఇక్కడివాళ్ళు కొందరు వోడ్కాలోనో కొన్యాక్‌లోనో నానబెడతారు. అవసరం లేదు. కుంకుమపువ్వు రంగు నీటిలో బాగా కరుగుతుంది, పాలు దానికి చాలు.

పిండి కలిపేటప్పుడు చేతికి అంటుకుంటోందని కంగారుపడి మైదా చల్లకు. అందరూ జారిపోయేది ఇక్కడే. మెషిన్ ఉంటే నెమ్మది స్పీడులో పది నిమిషాలు తిప్పు, లేకపోతే చేత్తో పావుగంట పిసుకు. మొదట జిగటగా, ముద్దగా ఉన్నది కాసేపటికి గిన్నె గోడల్ని వదిలేసి ఒక ఉండగా తిరుగుతుంది. చిన్న ముక్క తీసి రెండు చేతులతో మెల్లిగా సాగదీస్తే తెగకుండా, అవతలి వెలుగు కనిపించేంత పల్చగా రావాలి. అప్పటికీ కొంచెం అంటుకుంటున్నట్టే ఉంటుంది. ఉండనీ. గుడ్డ కప్పి ముప్పావుగంట నుంచి గంట దాకా పొంగనివ్వు.

తర్వాత నిమ్మకాయంత ఉండ తీసి జానెడు పొడవు తాడులా చేసి, ఒక కొస ఇటు, రెండో కొస అటు, ఎదురెదురు దిక్కుల్లో చుట్టు. గట్టిగా చుట్టు, వదులుగా చుడితే పొంగేటప్పుడు విప్పుకుంటుంది. రెండు సుడుల మధ్యలో ఒక్కో కిస్మిస్. పైపైన పెడితే పొంగేటప్పుడు పైకి లేచి మాడిపోతాయి, వేలితో లోపలిదాకా గుచ్చు. ముందు కాసేపు నీళ్ళలో నానబెడితే రసంతో ఉంటాయి.

ట్రే మీద ఇంకో అరగంట పొంగనిచ్చి, పాలూ మీగడా పూసి, 225 డిగ్రీల్లో పెట్టు. ఆరు నిమిషాల నుంచి కన్ను వేసి ఉంచు. ఎనిమిదికి మించి అవసరం రాదు. పైన రంగు వచ్చేదాకా చూస్తూ కూర్చుంటే లోపల ఎండిపోతుంది. ఒకదాన్ని తిరగేసి చూడు, అడుగు లేత గోధుమ రంగుకి వస్తే తీసెయ్. తీసిన వెంటనే గుడ్డ కప్పు. కాస్త చల్లారగానే, ఇంకా లోపల కొద్దిగా వెచ్చగా ఉండగానే సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టు. ఆ సాయంత్రమే తినేవి తప్ప బయట ఏవీ ఉంచకు. కావాల్సినప్పుడు తీసి, కరిగాక 150 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు నిమిషాలు వేడి చేస్తే అప్పుడే చేసినట్టు ఉంటాయి. పెద్దావిడ సంచి కట్టేటప్పుడు కూడా వేడి చేసి పెట్టు, మెట్ల దాకా వాసన రావాలంటే అదే దారి.

ఇంకో మాట. బాదం ముక్కలు, టూటీ ఫ్రూటీ, కొబ్బరి, మన చేతికి అలవాటైనవన్నీ ఇందులో వేయాలనిపిస్తుంది. ఏలకుల పొడి కూడా. యాలకులు ఇక్కడ కార్డెముమ్మ బుల్లార్ అని వేరే బన్నుల్లో దండిగా వేస్తారు, అవీ బాగుంటాయి. కానీ లూసియా రోజు బన్నులో కుంకుమపువ్వు ఒక్కటే మాట్లాడాలి. పక్కన ఇంకేదీ వద్దు.

---

లిన్‌షోపింగ్ అమ్మాయి:

అక్కా, ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించేశాను. క్వార్గ్ డబ్బా చూశాను, సూక్ష్మజీవులతో చేసిన లోపె అనే ఉంది. ఒక్క ప్రశ్న: లూసియా రోజు వారం మధ్యలో వస్తే ముందు శనాదివారాల్లో చేసి పెట్టుకోవచ్చా? గ్లోగ్ సంగతి ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

---

సోల్నా నుంచి:

గ్లోగ్ నా సబ్జెక్ట్, అందుకని లాగిన్ అయ్యాను.

ముందు లేబుల్ గురించి, ఎందుకంటే మీ నాన్నగారి విషయంలో ఇదే ముఖ్యం. ఇక్కడ మామూలు సూపర్‌మార్కెట్‌లో కొన్నది కదా, మందు ఉండదులే అనుకోవద్దు. 2.25 శాతం దాటిన వైన్, స్పిరిట్ లాంటివి మామూలుగా ప్రభుత్వం నడిపే సిస్టెమ్‌బొలాగెట్ షాపుల్లోనే అమ్ముతారు, అది నిజం. కానీ 2.2 శాతం ఉండే లెట్‌గ్లోగ్ సూపర్‌మార్కెట్‌లోనే, మందు లేని సీసాల పక్కనే, దాదాపు అదే రంగు సీసాలో ఉంటుంది. "ఆల్కహాల్‌ఫ్రీ" అని రాసి ఉన్నా ఇక్కడ 0.5 శాతం దాకా ఉండొచ్చు. సీసా తిప్పి 0.0 అని అంకె చూసి తీసుకోండి. పెద్దవాళ్ళ నమ్మకం విషయంలో సుమారు లెక్కలు పనికిరావు.

నా సలహా అయితే కొనకండి, ఇంట్లోనే చేయండి. స్వార్ట్‌విన్‌బాశ్ సాఫ్ట్ అని నల్ల ద్రాక్షలా ఉండే బ్లాక్ కరెంట్ పండ్ల చిక్కటి రసం అన్ని షాపుల్లో ఉంటుంది. దాన్ని సీసా మీద చెప్పినదానికంటే తక్కువ నీళ్ళతో కలపండి. లీటరుకి దాల్చినచెక్క రెండు ముక్కలు, లవంగాలు పదిలోపు, యాలకులు ఒక అరడజను కొంచెం నలగ్గొట్టి, ఎండు అల్లం ఒక ముక్క, నారింజ తొక్క పైపొర. నారింజ తొక్కలో తెల్లటి భాగం రాకూడదు, చేదు వస్తుంది. ఇక్కడ పోమెరాన్స్ అనే చేదు నారింజ ఎండు తొక్క మసాలాల దగ్గర దొరుకుతుంది, అసలు గ్లోగ్ వాసన దానిదే. దొరికితే తప్పకుండా వేయండి. అన్నీ వేసి ఒక్కసారి వేడి చేసి స్టవ్ కట్టేసి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు వడకట్టి, ఇచ్చే ముందు వేడి చేయండి. మసాలా తేలుతుండగా గంటలకొద్దీ మరిగిస్తే లవంగం ఒక్కటే మిగులుతుంది.

ఇది టీ కప్పులో పోసేది కాదు. గ్లోగ్ కప్పులు మన ఇరానీ కేఫ్ కప్పులకంటే చిన్నవి ఉంటాయి. అడుగున నాలుగు కిస్మిస్‌లు, రెండు మూడు పొట్టు తీసిన బాదం పప్పులు వేసి, దాని మీద వేడిగా పోయాలి. చిన్న చెంచా ఇవ్వండి. తాగాక అడుగున ఉబ్బిన కిస్మిస్ తినడంలోనే సగం ఆనందం.

మందున్నది కావాలనుకునే అతిథులకి సిస్టెమ్‌బొలాగెట్ నుంచి ఒక సీసా తెచ్చుకోండి. ఇరవై ఏళ్ళు నిండినవాళ్ళకే ఇస్తారు, ఆదివారం మూసేస్తారు, శనివారం మధ్యాహ్నానికే దుకాణం కట్టేస్తారు. లూసియా ఆదివారం పడితే ముందే చూసుకోవాలి. దాన్ని వేడి చేసేటప్పుడు మరగనివ్వకూడదు, 78 డిగ్రీల దగ్గర ఆల్కహాల్ ఆవిరైపోతుంది. వేరే గిన్నె, వేరే గరిటె, వేరే రంగు కప్పులు. బల్ల మీద కాకుండా కిచెన్ ప్లాట్‌ఫామ్ మీదే ఉంచి, కావాల్సినవాళ్ళు అక్కడికి వెళ్ళి పోసుకునేలా చేయండి. పెద్ద బల్ల మీద మందు లేనిది ఒక్కటే ఉంటే మీ నాన్నగారు హాయిగా అందరితో కూర్చుంటారు. ఇక్కడివాళ్ళు దానికి ఏమీ అనుకోరు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ, కార్ నడిపేవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ రెండు రకాలూ ఉంటాయి.

---

ఓరెబ్రో అక్క:

శనాదివారాల్లో చేసి ఫ్రీజర్‌లో పెట్టు అమ్మాయ్, ఇక్కడ అందరూ చేసేది అదే. నవంబర్ చివర్లో మొదటి అడ్వెంట్ ఆదివారం (క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిది) దగ్గర్నుంచే మొదలెడతారు.

సోల్నా తమ్ముడు చెప్పినదానికి మా ఊరి గొప్ప ఒకటి కలపాలి. బల్ల మీద యూల్‌ముస్ట్ పెట్టు. అది పుట్టింది మా ఓరెబ్రోలోనే, 1910లో. హ్యారీ రాబర్ట్స్ అనే ఆయన తండ్రితో కలిసి తయారుచేశాడు. పండగ భోజనంలో బీరుకి బదులుగా, మందు లేకుండా తాగడానికి ఒకటి ఉండాలన్నదే దాని వెనక ఆలోచన. ఈనాటికీ ఆ మూల మిశ్రమం ఇక్కడి రాబర్ట్స్ కంపెనీ నుంచే వెళ్తుంది, రకరకాల కంపెనీలు దానికి నీళ్ళూ గ్యాసూ చక్కెరా కలిపి తమ తమ లేబుళ్ళతో అమ్ముతాయి. అందులో మాల్ట్, బీరులో వాడే హాప్స్ ఉంటాయి. కాబట్టి వాసన బీరుని గుర్తు చేస్తుంది, నాన్నగారికి సీసా ఇచ్చే ముందే ఆ సంగతి చెప్పు. ఇందులో మందు లేదు, లేకుండా ఉండాలనే కనిపెట్టారు అని చెప్తే ఆయనే ఇష్టంగా తాగుతారు. డిసెంబర్‌లో ఇక్కడి జనం కోక్‌ని పక్కన పెట్టి దీన్ని తాగుతారు. జనవరి వచ్చేసరికి అరల్లోంచి మాయం, మళ్ళీ ఈస్టర్‌కి పోస్క్‌ముస్ట్ అని పేరు మార్చుకుని వస్తుంది.

మందు ముట్టనివాళ్ళు ఈ దేశానికి కొత్త కాదు, వాళ్ళకోసం వందేళ్ళ కిందటే పండగ పానీయం తయారైంది. మీ నాన్నగారు ఈ బల్ల దగ్గర అతిథిలా మొహమాటపడాల్సిన పనే లేదు.

---

బేగంబజార్ బేకర్:

నేను స్వీడన్‌లోని లుంద్‌లో చదువుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. ప్రతి డిసెంబర్‌లో ఇక్కడే ఇవన్నీ చేస్తాను. మీ అమ్మగారు తెనాలి వెళ్ళాక చేసుకుంటానంటారేమో, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ క్వార్గ్ దొరకదు, గుడ్డలో కట్టిన పెరుగు సరిగ్గా సరిపోతుంది. మన డ్రై ఈస్ట్ 15 నుంచి 17 గ్రాములు, అక్కడి 50 గ్రాముల తాజా ఈస్ట్‌కి సమానం. డిసెంబర్‌లో కూడా మన వంటింట్లో వెచ్చగా ఉంటుంది కాబట్టి పిండి తొందరగా పొంగుతుంది. గడియారం చూడొద్దు, రెట్టింపు అయిందా లేదా అన్నది చూడాలి.

బన్నుల కంటే తేలిగ్గా కుదిరేది పెప్పర్‌కాకోర్. ఆ పల్చటి అల్లం బిస్కెట్లలో మామూలుగా గుడ్డు ఉండదు. చక్కెర, సిరప్, దాల్చినచెక్క, శొంఠి, లవంగం పొడి కలిపి వేడి చేసి, వేడి మీదే వెన్న కరిగించి, చల్లారాక మైదా, వంటసోడా కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రంతా అన్నది మాత్రం తప్పించుకోలేం, లేకపోతే ఒత్తేటప్పుడు చిరిగిపోతుంది, మసాలా కూడా పిండిలో కలవదు. మర్నాడు కొంచెం కొంచెంగా తీసి, రెండు మిల్లీమీటర్ల మందంలో ఒత్తి, అచ్చులతో కోసి 200 డిగ్రీల్లో ఐదు నిమిషాలు. అంచుల రంగు మారగానే తీయాలి, పది సెకన్లు ఆలస్యమైనా చేదు. స్వీడన్‌లో ఉన్నవాళ్ళకి ఆ పిండి సిద్ధంగా ముద్దలుగా అమ్ముతారు. పిల్లలుంటే వాళ్ళ చేత అచ్చులు వేయించండి, అది మంచి కాలక్షేపం.

పిల్లలకి ఆట కూడా ఉంది. బిస్కెట్‌ని అరచేతిలో పెట్టుకుని, మనసులో ఏదైనా కోరుకుని, రెండో చేతి వేలి కణుపుతో మధ్యలో నొక్కాలి. సరిగ్గా మూడు ముక్కలైతే కోరిక తీరుతుందంటారు. కోరుకున్నది పైకి చెప్పకూడదు. పెద్దవాళ్ళు దాని మీద నీలి గీతల ఛీజ్ పూసుకుని గ్లోగ్‌తో తింటారు. తీపి, కారం, ఉప్పు ఒకేసారి తగులుతాయి, నాకు చాలా ఇష్టం. వాసన ఘాటు కాబట్టి అమ్మానాన్నకి మాత్రం మొదటి రోజే పెట్టకండి. ఛీజ్‌లో కూడా ఆ లోపె సంగతి చూసుకోవాలి.

---

లిన్‌షోపింగ్ అమ్మాయి:

అందరికీ ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే. ఇదంతా ఫోన్‌లో అమ్మకి చదివి వినిపించాను. నాన్న "అయితే ఆ యూల్‌ముస్ట్ రెండు సీసాలు తెచ్చి పెట్టు" అన్నారు. అమ్మ మాత్రం "అన్నీ నువ్వే చేస్తే నేనొచ్చి కుర్చీలో కూర్చోవాలా, నాకూ ఒక పని చెప్పు" అంటోంది. మైదా పిసకడం ఆవిడకి కొత్త. ఆవిడ చేతికి వచ్చే పని ఏదైనా ఉందా? సంక్రాంతికి వీధి మొత్తానికి అరిసెల పాకం పట్టే మనిషి.

---

ఓరెబ్రో అక్క:

ఇంకేం, క్నెక్ చేయించు! అది ఇక్కడి క్రిస్మస్ మిఠాయి. మీగడ, చక్కెర, సిరప్, మూడూ రెండేసి డెసిలీటర్లు, అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో మరిగించడమే. పొంగుతుంది, అందుకే పెద్ద గిన్నె. సన్న సెగ మీద చాలాసేపు పడుతుంది, కలుపుతూ ఉండాలి. పుస్తకాల్లో 122 డిగ్రీలని రాస్తారు, అందరూ థర్మామీటర్ గుచ్చి కూర్చుంటారు. అమ్మగారికి అది ఇవ్వకు. గిన్నెలో చన్నీళ్ళు పెట్టి ఇవ్వు. పాకం చుక్క నీళ్ళలో వేసి వేళ్ళతో కూడగడితే ఉండ కట్టాలి, ఇక్కడి అమ్మమ్మలు కూడా క్నెక్‌ని అలాగే చూసేవారు. అరిసెల పాకం కంటే ఒక పిసరు గట్టిగా రావాలని మాత్రం చెప్పు. మరీ లేతగా దింపితే కాగితానికి అంటుకుపోతుంది, ముదిరితే పళ్ళు ఊడతాయి. దింపాక తరిగిన బాదం పప్పు కలపాలి.

ఒక్క తేడా ఉంది. అరిసెల పాకంలో పిండి పోసి కలుపుకునే వ్యవధి ఉంటుంది, ఇది దింపిన నిమిషాల్లో బిగుసుకుంటుంది. క్నెక్‌ఫోర్మార్ అని వేలెడంత కాగితపు కప్పులు షాపుల్లో కట్టలుగా దొరుకుతాయి. ఒకదాంట్లోంచి ఒకటి విడదీయడమే పెద్ద పని, అది నాన్నగారికి అప్పగించు. పాకం పొయ్యి మీద ఉండగానే కప్పులన్నీ ట్రేలో పేర్చి సిద్ధంగా పెట్టుకోండి. ఒకరు గిన్నె పట్టుకోవాలి, ఇంకొకరు చెంచాతో పోయాలి. పిల్లల్ని ఆ పది నిమిషాలూ వంటింట్లోకి రానివ్వకు, ఆ వేడి పాకం చర్మం మీద పడితే వదలదు. చల్లారాక కప్పులన్నీ మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బయట గది వేడికి మెత్తబడి కారుతుంది.